నది దాటి వినిపించిన పేరు

ముందు టక్ మని ఒక చప్పుడు. ఆ తర్వాత ఎండుటాకుల మీద ఎవరో వెనక్కి వెనక్కి నడుస్తున్నట్టు సన్నని గరగర. మళ్ళీ టక్.

ఆదివారం ప్రార్థన ముగిసి ఇంటికి వచ్చాం. కొక్కేలకు వేలాడుతున్న కోట్లలోంచి వాన ఇంకా కారుతోంది. మా అక్క ఇర్మా బల్ల నిండా పిండి చల్లి పిరోగీలు చేస్తోంది. ఉడకబెట్టి తినే కజ్జికాయల్లాంటివి అవి. కొన్నిటిలో బంగాళాదుంప, కొన్నిటిలో క్యాబేజీ. చప్పుడు ఆమె కాళ్ళ కిందినుంచి, నేలమాళిగలోంచి వస్తోంది.

"వింటున్నావా? ప్రార్థననుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే," అంది అక్క. "మీ బావ సినిమా."

"కొత్తదా, పాతదా?"

"కొత్తదైతే ముందుకి పోదూ. చెవిపెట్టి విను. వెనక్కి పోతోంది."

మెట్లు దిగాను. గోడకు కట్టిన దుప్పటి మీద, బూడిదరంగు వెలుగులో, ఒక మనిషి నేలమీంచి లేస్తున్నాడు. పక్కకు తిరిగిపోయిన మోకాలు మెల్లగా సర్దుకుని కాలైంది. మీద పడ్డ ఇద్దరూ గాల్లోకి తేలి, వీపులు ముందుగా ఎగిరి, ఎవరి చోటికి వాళ్ళు చేరుకున్నారు. బట్టల మీది బురద విడివడి నేలలోకి ఇంకిపోయింది. మనిషి వెనకడుగులు వేసుకుంటూ వెళ్ళి, వరస చివర వంగి, కుడిచేతి వేళ్ళు గడ్డికి ఆనించి, ఇంకా ఏదీ జరగనివాడిలా ఎదురుచూశాడు.

అక్కడ మా బావ స్విచ్ నొక్కాడు. టక్. ముందుకు పోనివ్వలేదు.

మా బావ ఎమిల్ వర్గా హార్లో హైస్కూల్లో వడ్రంగం నేర్పే మాస్టారు. బళ్ళో గంట కొట్టాక మైదానంలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి డిఫెన్స్ కోచ్. అవతలివాళ్ళు బంతి పట్టుకుని వస్తుంటే ఎలా ఆపాలో చెప్పడం ఆయన పని. బరువు ఎక్కడ పడుతుందో చూసి అక్కడ చెక్క పెట్టాలి, రెండు పనులూ అంతే అనేవాడు. ఆయన తండ్రి గాజు ఫ్యాక్టరీలో కొలిమి ముందు నిలబడి నిలబడి చూపు పోగొట్టుకున్నాడు. కొడుకును ఆ గేటు దాటనివ్వలేదు. చెవుల వెంట్రుకల్లో రంపపు పొట్టుతో, జేబులో పొట్టి పెన్సిలుతో, మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాడి భుజాన్ని బొటనవేలితో నొక్కి చూసేవాడు. పచ్చి చెక్కో, ఎండిన చెక్కో తెలుసుకుంటున్నట్టు ఉండేది. మా ఊళ్ళో సగం వంటిళ్ళలో ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు చేసిన పీటలున్నాయి. కొన్ని ఇప్పటికీ ఊగుతాయి.

అది 1987 అక్టోబరు. పెన్సిల్వేనియాలో మా నదికి రెండు వైపులా చిమ్నీలు పొగ మానేసిన కాలం. పిల్లలు తగ్గిపోయారు. వచ్చే ఏటినుంచి మా హార్లో బడినీ అవతలి ఒడ్డున ఉన్న ఫెరీ బడినీ కలిపేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. రాబోయే శనివారం ఆట రెండు ఊళ్ళకీ ఆఖరిది. మా తాతలనుంచి ఒకరినొకరు తిట్టుకుంటూ బతికిన ఊళ్ళు, ఆ తర్వాత తిట్టుకోవడానికి కూడా ఎవరూ ఉండరు.

ఆ ఏడు ఫెరీ వాళ్ళకి ఒక టైట్ ఎండ్ దొరికాడు. టైట్ ఎండ్ అంటే గోడ చివరి రాయి. బంతి విసిరేవాడికి కాపుగా ఒక వరస నిలబడుతుంది కదా, దానికి ఆ కొసన ఉంటాడు. గోడగా ఉండమంటే గోడగా ఉంటాడు. పరుగెత్తమంటే గోడలోంచి విడిపోయి వెళ్ళి బంతి అందుకుంటాడు. వీడు రెండూ చేసేవాడు. ఆ ఏడు వాళ్ళతో ఆడిన జట్లలో, పరుగులో అందుకోగలిగినవాళ్ళు వీడి భుజాలకి వేలాడారు. బరువులో సరితూగేవాళ్ళకి వీడి వీపు మాత్రమే కనిపించేది. పేరు డానీ. ఆ వేసవిలోనే వాళ్ళ కుటుంబం ఒహాయోనుంచి తిరిగి వచ్చింది.

బావ పాత రీలు తీసి కొత్తది ఎక్కించాడు. దుప్పటి రంగుల్లోకి మారింది. డానీ వరస చివర వంగాడు. కుడిచేతి వేళ్ళు గడ్డికి ఆనించాడు. బయల్దేరే ముందు తల ఎడమవైపుకి ఒక్కసారి, ఎవరో పిలిచినట్టు, తిప్పాడు.

"చూశావా గస్," అన్నాడు బావ. "అదే తల. అదే చెయ్యి. పాత రీల్లో పడిపోయినవాడు కొత్త రీల్లో లేచి పరుగెత్తుతున్నాడు. మళ్ళీ వాణ్ని ఎలా ఆపాలో నేనే చెప్పాలి."

పాత రీల్లో పడిపోయినవాడు రే కోసార్, డానీ తండ్రి. పాతికేళ్ళ కిందట ఫెరీ టైట్ ఎండ్ ఆయనే. అప్పుడు బావ సైన్యంనుంచి కొత్తగా వచ్చి కోచ్‌గా చేరాడు. రేని ఆపడానికి తనే ఒక ఎత్తు వేశాడు. ఒకడు ఎదురెళ్ళి ఛాతీ మీద కొట్టి నిలబెట్టాలి. నిలబడిన క్షణంలో ఇంకొకడు కింద మోకాళ్ళ మీద పడాలి. అప్పటి రూల్స్‌లో అది తప్పు కాదు. పెద్ద కాలేజీ ఒకటి తన జట్టులోకి రేని తీసుకుంటానని కబురు పంపిన వారమే ఆ మోకాలు పోయింది. కాలేజీ పోయింది. ఆయన చేతికర్రతో ఒహాయో వెళ్ళి యంత్రాల షాపులో చేరాడు.

బావ ఆ తర్వాత ఎప్పుడూ కిందికి కొట్టించలేదు. ఎత్తులోంచి ఆ రెండోవాణ్ణి తీసేశాడు. ఛాతీ మీద ఒకడు, వెనక కాపుగా ఒకడు, అంతే. పేరు మాత్రం తియ్యలేదు. మా హార్లోలో ఒక ఆచారం ఉంది. ఏ ఎత్తయినా మొదట ఎవరి మీద వేశామో వాళ్ళ పేరే దానికి పెడతారు. బంతి కదిలే ముందు వెనకనుంచి ఒకడు ఆ పేరు గట్టిగా అరిస్తే అందరూ ఆ ప్రకారం సర్దుకుంటారు. ట్రాస్క్ అని ఒకటుంది. ట్రాస్క్ ఎవరో ఎవరికీ గుర్తులేదు. అలాగే కోసార్. పాతికేళ్ళుగా ప్రతి శనివారం మా పిల్లలు ఆ పేరు అరుస్తూనే ఉన్నారు.

"ఎందుకు ఉంచావు బావా, ఆ పేరు?" అని అడిగాను.

ప్రొజెక్టర్ వెలుగులో దుమ్ము తిరుగుతోంది. బావ పాత రీలుని డబ్బాలో పెట్టి మూత వేశాడు.

"తీసేస్తే మరిచిపోయినట్టే కదరా. ఎవరో ఒకరు ఆ పేరు పలుకుతూ ఉండాలి అనిపించింది. చర్చిలో కొవ్వొత్తి వెలిగించి వస్తాం చూడు, అలా అనుకున్నాను."

పైనుంచి అక్క పిలిచింది. వంటగదిలో బల్ల మీద పిరోగీలు వరసల్లో ఆరుతున్నాయి. బావ కూర్చోకుండానే వాటిని జరపడం మొదలుపెట్టాడు.

"ఇవి ఫెరీవాళ్ళు. క్యాబేజీవి మనవాళ్ళు."

"చేతులు కడిగావా?" అంది అక్క.

"ఇదిగో డానీ," అని అన్నిటికంటే లావుగా వచ్చినదాన్ని వరస చివర పెట్టాడు. "వీణ్ని కొట్టక్కర్లేదు. వీడి పక్కనుంచే ప్రతిసారీ మనవాడొకణ్ణి బంతి విసిరేవాడి మీదికి తోలతాను. ఆ వైపు కాపు లేకపోతే విసిరేవాడు చట్నీ అయిపోతాడు. అప్పుడు వాళ్ళ కోచ్ డానీని ఊరి మీదికి పంపుతాడా? ఇంట్లో ఉండి తలుపు కాయమంటాడు. వాడికి ఇంటిపని అప్పజెప్పామంటే చాలు, పరుగు దానంతటదే మానుకుంటాడు."

"ఇంటిపని చేస్తున్నట్టు నటించి, మనం అటు తిరగ్గానే పెరటిదారిన జారుకుంటే?" అక్క పిండి చేతులు దులుపుకుంది. "నాకు తెలిసిన మగాళ్ళందరూ చేసేది అదే."

బావ వేలు ఆ లావు పిరోగీ మీద ఆగింది.

"దానికి ఒకటే విరుగుడు," అన్నాడు. "జారుకునేలోపు కొట్టాలి."

అక్క అతని వేలికిందినుంచి దాన్ని తీసి మరిగే నీళ్ళలో వేసింది.

మర్నాడు హెడ్ కోచ్ ప్రైస్ వడ్రంగం గదికి వచ్చాడు. మంచివాడే, గెలుపు కోసం ఆకలి మీదున్నవాడు. బంక వాసనకి ముక్కు మూసుకుని బావ పక్కన రంపపు బల్ల మీద కూర్చున్నాడు. ఆటలో బంతి ఎంత దూరం జరిగిందో కొలిచే గొలుసు కర్ర పట్టుకునేది నేనే కాబట్టి, దానికి కొత్త గూటం చేయించుకుందామని నేనూ అక్కడే ఉన్నాను.

"డానీ సంగతేంటి ఎమిల్?"

బావ ఇంటిపని సంగతి చెప్పాడు. ప్రైస్ విని తల గోక్కున్నాడు.

"బాగానే ఉంది. కానీ పాత కోసార్ ఉంది కదా. అసలుది. పైన ఒకడు, కింద ఒకడు. మీరు కనిపెట్టిందే."

"అది ఇప్పుడు లేదు."

"పేరుంది."

"పేరే ఉంది," అన్నాడు బావ. చేతిలోని చెక్కముక్కని గరుకు కాగితంతో రుద్దుతూనే ఉన్నాడు. "వాడు ఆట అయ్యాక తన కాళ్ళ మీద ఇంటికి పోవాలి ప్రైస్. అది నా షరతు. కాదంటే నువ్వే చూసుకో."

"మనం గెలవాలి. అది నా షరతు."

"రెండూ కుదిరేలా చూస్తాను."

ప్రైస్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "కుదరకపోతే ఏది వదులుతారో అప్పుడు చూస్తాను," అని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం మైదానంలో పిల్లలు హెల్మెట్లు తీసి గడ్డి మీద కూలబడ్డారు. బావ వాళ్ళ మధ్య నిలబడి, ఈ వారం కోసార్ అన్న కేక ఉండదని చెప్పాడు. మతుషెక్ అనే పొడుగు పిల్లాడు చెయ్యెత్తాడు. వాడి నోరు ఊరుకోదు.

"అవతలివాడి పేరు కూడా అదేనని మార్చేస్తున్నారా కోచ్? మా నానమ్మ భాషలో కోసార్ అంటే బుట్ట. మనవాళ్ళు ఎవణ్ణయినా బుట్టలో వేసేటప్పుడు ఆ కేక వేస్తారనుకున్నాను."

"మరి వాడింటి పేరు బుట్ట అయితే వాణ్ని ఎందులో వేస్తాం?" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

"అది బుట్ట కాదురా," అన్నాడు బావ. "మనిషి."

చెప్పాడు. పైన కొట్టింది, కింద కొట్టింది, ఎవరు చెబితే కొట్టారో అది. ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలిసిన సంగతే. పిల్లలకి మాత్రం ఎవరూ చెప్పలేదు. గాలికి గోల్ స్తంభం మీది గుడ్డముక్క కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. లెస్ బుడా అనే కుర్రాడు తల వంచుకుని గడ్డి పీకుతున్నాడు. రెండేళ్ళుగా వెనకనుంచి ఆ పేరు అరిచేది వాడే.

"ఆయన ఉన్నారా కోచ్?" అని అడిగాడు.

"శనివారం వస్తాడు."

బుడా పీకిన గడ్డిని చేతిలోంచి జారవిడిచాడు. చివరికి మతుషెక్కే అందుకున్నాడు. "అయితే ఈ ఇంటిపని ఎత్తుకి ఏం పేరు కోచ్? మొదట ఎవరి మీద వేశారు?"

"నా మీదే వేశారు."

"వేసిందెవరు?"

బావ పెదవి మూల కొంచెం కదిలింది. "మీ ఇర్మా ఆంటీ."

ఆచారానికి తలకిందులుగా, ఎత్తు వేసిన మనిషి పేరే కేకగా కుదిరింది. ఆ సాయంత్రం విని మా అక్క, "పెళ్ళినాడు చర్చి ఫాదర్ ముందు కూడా నా పేరు నోట్లోనే నమిలాడు. ఇప్పుడు ఊరి చేత అరిపిస్తాడట," అంది.

శనివారం వచ్చింది. మా మైదానానికి దీపాలు లేవు. ఆటలు మధ్యాహ్నమే. నది మీంచి మంచు లేచి గట్టు దాటి వచ్చి గడ్డి మీద కూర్చుంది. అవతలి వైపు జనం మోకాళ్ళ దాకా మంచులో, ఎవరో సగం గీసి వదిలేసిన బొమ్మల్లా ఉన్నారు. వాళ్ళలో కంచె పక్కన, ఒక కాలు చాపి, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. బావ ఒకసారి అటు చూశాడు. మళ్ళీ చూడలేదు.

గీత పక్కన కర్ర పట్టుకుని నిలబడడం నా పని. బంతి ఎక్కడ ఆగితే అక్కడ పాతాలి. కాబట్టి మా కోచ్‌ల మాటలన్నీ నాకు వినిపిస్తూనే ఉంటాయి.

ఇర్మా అన్న కేక చాలాసేపు పనిచేసింది. బుడా అరవగానే మావాడొకడు డానీ పక్కనుంచి దూసుకెళ్ళేవాడు. డానీ తప్పనిసరై ఆగి వాణ్ని అడ్డుకునేవాడు. పరుగెత్తడానికి పుట్టిన కాళ్ళు ఉన్నచోటే నేలని తొక్కుతుండేవి. బంతి వాడి చేతికి ఒక్కసారీ రాలేదు. మా జనంలోంచి ఎవరో, "ఒరేయ్ డానీ, అంట్లు కూడా తోమి పో," అని అరిచారు. ప్రైస్ బావ వీపు తట్టాడు. ఆధిక్యం కొంచెమే అయినా మాదే.

వెలుతురు తగ్గింది. ఆట చివరికొచ్చింది. ఫెరీవాళ్ళు కొంచెం కొంచెంగా జరుగుతూ మా చివరి గీతకి దగ్గరగా వచ్చేశారు. బంతితో అది దాటితే గెలుపు వాళ్ళదే. మా పిల్లల నోళ్ళలోంచి ఆవిరి వస్తోంది. బుడా మొహం నిండా బురద. బంతి కదలబోతోందనగా వాడి నోరు తెరుచుకుంది. అలసిన నోటికి వారం రోజుల మాట గుర్తు రాలేదు. రెండేళ్ళ మాట వచ్చింది.

"కోసార్. కోసార్."

డానీ తలెత్తాడు. సందెవేళ ఆడుకునే పిల్లాడు ఇంటినుంచి పిలుపు వింటే తలెత్తినట్టు. నేలనుంచి చెయ్యి తీసి నిటారుగా నిలబడ్డాడు. తల ఎడమవైపుకి, కంచె వైపుకి తిప్పాడు. అక్కడ, మంచులో, ఆయన కూడా లేచి నిలబడి ఉన్నాడు.

బంతి కదిలింది. మైదానం మొత్తం కదిలింది. ఆ ఇద్దరే నిలబడి ఉన్నారు, మైదానానికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఇద్దరినీ ఒకే పేరు నిలబెట్టింది. మావాడు వెళ్ళి డానీ ఛాతీ మీద గుద్దాడు. డానీ వెల్లకిలా పడ్డాడు. వాడి కోసం విసిరిన బంతి ఖాళీ గడ్డి మీద ఎగిరెగిరి ఆగింది.

మా జనం హోరెత్తారు. డానీ లేచాడు, నెమ్మదిగా.

ప్రైస్ బావ చెయ్యి పట్టుకున్నాడు. "చూశారా? పేరు వినగానే కొయ్యబారిపోయాడు. బుడా, ఇకనుంచి అదే. ప్రతిసారీ అదే కేక వెయ్యి."

నేను బావ మొహం చూశాను. నేలమాళిగలో దుప్పటి వెలుగు పడినప్పటి మొహం అది. అవతల డానీ మోకాలు తడుముకుంటున్నాడు. ఏమీ కాలేదు. కానీ ఇంకోసారి అలా నిలబడితే, ఛాతీ తెరుచుకుని, కాళ్ళు బిగుసుకుని, చూపు ఎటో పెట్టుకుని నిలబడితే, ఎవరి కాలో జారి కింద పడితే చాలు. పైన ఒకడు, కింద ఒకడు. పాతికేళ్ళ కింద తీసేసిన రెండోవాడు మంచులోంచి తనంతట తనే వచ్చి చేరతాడు.

"ఆట ఆపమని అడగరా," అన్నాడు బావ బుడాతో.

ఆగింది. పిల్లలు చుట్టూ చేరారు. బావ బుడా భుజాన్ని బొటనవేలితో నొక్కాడు.

"ఆ పేరు ఇక మన నోట రాకూడదు. ఇర్మా అను."

"కోచ్, వాడు జారుకుంటాడు," అన్నాడు బుడా. ఏడుపు గొంతు. "కాపు కాస్తూనే కాళ్ళు సర్దుకుంటున్నాడు, నేను చూస్తున్నాను. కాసేపు పనిచేసినట్టు చేసి పెరట్లోంచి పోతాడు. పోకముందే కొట్టనా?"

 డానీ జారుకుంటాడని బావకి తెలుసు. ఆదివారం వంటగదిలోనే తెలుసు.

"వద్దు. పోనీ. వెనకనుంచి పట్టుకో, అందితే."

"ఏమంటున్నారు మీరు?" అన్నాడు ప్రైస్. "పనిచేస్తోంది ఎమిల్. ఇంకొంచెంసేపు అరిస్తే అయిపోతుంది. హార్లోకి ఇక ఇంకో ఆట లేదు."

"లేదు. ఆఖరి ఆటలో కూడా ఆ పేరుతో అదే పని చేయించను."

"ఏది వదులుతారో చూస్తానన్నాను."

"చూడు మరి."

బుడా ప్రైస్‌ని చూశాడు, బావని చూశాడు. హెల్మెట్ పెట్టుకుని వెళ్ళాడు. వెనకనుంచి అరిచాడు. ఆ పేరు మా అక్కదే అయినా, ఆ గొంతులో ఎవరో చనిపోయిన మనిషిని పిలుస్తున్నట్టు వినిపించింది.

మావాడు దూసుకెళ్ళాడు. డానీ అడ్డుపడ్డాడు. భుజం ఆనించాడు, నెట్టాడు, ఒక ఊపిరి తీసుకున్నంతసేపు తలుపు కాశాడు. తర్వాత తలుపు వదిలేసి మంచులోకి నడిచినట్టుగా వెళ్ళాడు. బంతి వాడి దగ్గరికి ఇంటికొచ్చిన పిట్టలా వచ్చింది. మావాళ్ళిద్దరు వీపు మీద వేలాడుతుండగా గీత దాటాడు. దాటాక వంగి, ఆ ఇద్దరినీ కిందికి దించాడు. బంతి తీసుకెళ్ళి రిఫరీ చేతికిచ్చి, తన వాళ్ళ దగ్గరికి పరుగెత్తాడు. రెండు కాళ్ళూ సమంగా పడుతున్నాయి.

నేను కర్ర పాతడం మరిచిపోయాను.

ఓడిపోయాం. జనం గట్టు దిగుతూ బావ పక్కనుంచే వెళ్ళారు. "వచ్చే ఏడు ఎలాగూ మన బడికే వస్తాడు కదా వర్గా, ముందే స్వాగతం చెప్పావా?" అన్నాడు ఒకడు. బావ పిల్లల హెల్మెట్లు ఒక్కొక్కటే సంచిలో వేస్తున్నాడు. ప్రైస్ ఆయనతో ఆ రోజు మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా పెద్దగా మాట్లాడలేదు.

ఖాళీ అయిన మైదానం మీదుగా చేతికర్ర చప్పుడు లేకుండా వచ్చింది, గడ్డి కదా. రే కోసార్ మా వైపు గీత దగ్గర ఆగాడు. ఇద్దరూ ఒకరినొకరు అంత దగ్గరగా ఎప్పుడూ చూసుకోలేదు.

"ఇందాక పిలిచారు," అన్నాడు రే.

"మా పిల్లాడు పొరపాటున..." బావ ఆగాడు. "పొరపాటు కాదు. అది ఒక ఎత్తు పేరు. నేనే పెట్టాను. అప్పటినుంచీ ఉంది."

"ప్రతి ఆటకీ?"

"ప్రతి ఆటకీ."

రే నదివైపు చూశాడు. మంచులో అవతలి ఒడ్డు లేదు.

"మేం వెళ్ళిపోయాక మా అమ్మ ఒక్కతే ఉండేది. నీళ్ళ ఒడ్డునే ఇల్లు. గాలి ఇటునుంచి వీస్తే మీ కేకలు వినిపిస్తాయి. శనివారాలు నాకు ఫోన్ చేసేది. అబ్బాయ్, నది అవతల ఎవరో నిన్ను పిలుస్తున్నారు, వెళ్ళి చూడు, అనేది. పోయేదాకా అదే మాట. మతి చెదిరింది అనుకున్నాం. డాక్టరుకి కూడా చూపించాం." చేతికర్ర మీద బరువు మార్చుకున్నాడు. "ఇవాళ నేనూ విన్నాను. ఆమె మతి బాగానే ఉంది."

బావ చేతిలోని హెల్మెట్ల సంచి కింద పెట్టాడు.  కొవ్వొత్తి అనుకున్నది అవతలి ఒడ్డున ఎవరింటి కిటికీలో మంటై కాలిందో ఆయనకి అప్పుడు తెలిసింది.

"మావాడు వంతెన మీంచి నడిచొస్తానంటున్నాడు, తోటివాళ్ళతో," అన్నాడు రే. "నేను కారులో వెళ్తాను." కొంచెం దూరం వెళ్ళి ఆగాడు. తిరగలేదు. "నడవనిచ్చావు," అన్నాడు. అది కృతజ్ఞతో కాదో ఆ గొంతులో తెలియలేదు.

బడులు కలిశాయి. కొత్త బడిలో వడ్రంగం గది లేదు, బావకి మైదానంలోనూ పిలుపు రాలేదు. డానీ ఆడే ఆటలకి మాత్రం బావ వెళ్ళేవాడు, కంచె బయట నిలబడి చూసి వచ్చేవాడు. మా ఇంట్లో నేలమాళిగ నిశ్శబ్దంగా ఉండేది. అక్కకి ఆ నిశ్శబ్దం కొత్త. వంట చేస్తూ చేస్తూ ఆగి నేలవైపు చెవిపెట్టేది.

ఆ చలికాలం దాటాక బావ ఊపిరితిత్తులు మొరాయించాయి. ఏళ్ళ తరబడి పీల్చిన చెక్కపొట్టు అన్నారు. మంచం ముందుగదిలోకి తెచ్చాం. మాట పలకడానికి ఊపిరి చాలేది కాదు. అయినా నా పేరు పిలిచేవాడు. ఒకరోజు కిందికి వేలు చూపించాడు. నేను ప్రొజెక్టర్ మోసుకొచ్చి, అక్క చేత కిటికీ తెరలు వేయించాను. రీళ్ళ పెట్టె తెరిచాను. పాతది పైనే ఉంది. దానిమీద చెయ్యి పెట్టగానే బావ తల అడ్డంగా ఊపాడు. కొత్తది, ఆఖరి ఆటది, ఎక్కించాను.

తెల్లని గోడ మీదికి మంచు వచ్చింది. మంచులోంచి పిల్లలు వచ్చారు. బుడా నోరు తెరిచాడు, శబ్దం లేని సినిమా కాబట్టి ఏ పేరూ వినిపించలేదు. డానీ తలుపు కాశాడు, వదిలాడు, వెళ్ళాడు. బంతి వచ్చింది. గీత దాటాడు. వీపు మీది ఇద్దరినీ దించి, రెండు కాళ్ళ మీదా పరుగెత్తుకుంటూ గోడ అంచు దాటి మా కిటికీ తెర మడతల్లోకి వెళ్ళిపోయాడు.

మా అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇన్నేళ్ళుగా ఆయన చేసేది చూసిన అలవాటు కదా, నా చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి, వెనక్కి తిప్పే వైపుకి వెళ్ళింది. బావ నా మణికట్టు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. బలం లేని నొక్కు. ఆ వారం దాటకుండానే పోయాడు. నాతో అన్న ఆఖరి మాట అప్పుడన్నదే:

"దీన్ని వెనక్కి తిప్పక్కర్లేదురా గస్. అలా పోనీ."